కార్టూన్ బొమ్మ అన్నంత మాత్రాన

కార్టూన్లు, యానిమే, వీడియో గేములు, ఇంటర్నెట్ మీములు చూస్తూ పెరిగినవాళ్లు వేస్తున్న చిత్రాల మీద మన కళావర్గాల్లో ఒక తీర్పు ఎప్పుడో ఖరారైపోయింది. వాటిలో లోతు లేదంటారు. చిన్నతనం వదలని పెద్దవాళ్ల ఆటలంటారు. తెర మీద కనపడినదాన్ని కాన్వాసు మీదికి దించడానికి సాధన అక్కర్లేదంటారు. వేలంపాటల డబ్బు తప్ప వాటిని నిలబెడుతున్నది మరేదీ లేదంటారు. సభల్లో ఈ మాట అన్నప్పుడు తలలూపేవాళ్లే గానీ, ఎందుకలా అంటున్నారని అడిగేవాళ్లు కనపడరు. ఎవరూ అడగలేదు కాబట్టి అదే నిజమన్నట్టు చలామణీ అవుతోంది. అది మూలంలోనే తప్పని నా వాదన. ఆ తీర్పు చెప్పేవాళ్లు బొమ్మను చూడటం మానేసి, మనిషిని కులం అడిగినట్టు, అది ఎక్కడ పుట్టిందని అడుగుతున్నారు. కొండల్ని చూసి వేశావా, నగ్నదేహాన్ని చూసి వేశావా, అయితే లోపలికి రా. టీవీని చూసి వేశావా, గుమ్మం బయటే ఉండు.

ఈ తీర్పు కొత్తది కూడా కాదు. 1970 అక్టోబరులో న్యూయార్క్ మార్ల్‌బరో గ్యాలరీలో ఫిలిప్ గస్టన్ తన కొత్త చిత్రాలు ప్రదర్శించినప్పుడు ఇదే మాట పడింది. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. నైరూప్య చిత్రకళలో అమెరికా గర్వంగా చెప్పుకునే కొద్దిమందిలో ఒకడు. ఎరుపులు, గులాబీలు, బూడిదలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయే కాన్వాసులతో పేరు తెచ్చుకున్నవాడు. అలాంటివాడు లావుపాటి గీతలతో బూట్లు, గడియారాలు, వేలాడే కరెంటు బల్బులు, కోసుగా కుట్టిన తెల్ల ముసుగులు తొడుక్కున్న మనుషులు వేసి గోడకెక్కించాడు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు హిల్టన్ క్రామర్, పండితుడు మొద్దు వేషం కట్టాడన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టి చీల్చి చెండాడాడు. ఆప్తమిత్రుడు, స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్‌తో స్నేహం ఆ ప్రదర్శనతోనే చెడింది. గస్టన్ అమెరికా వదిలి కొన్ని నెలలు రోమ్‌లో ఉండిపోయాడు.

ఆ వరసలోదే 1969లో వేసిన ‘ద స్టూడియో’. గులాబీ రంగు గదిలో ముసుగు మనిషి ఒకడు కూచున్నాడు. ఒక చేత్తో కుంచె పట్టుకున్నాడు, ఇంకో చేతి వేళ్ల మధ్య సిగరెట్టు. ఎదురుగా ఉన్న కాన్వాసు మీద వేస్తున్నది తన బొమ్మే. అంటే మరో ముసుగే. ఆ ముసుగు అమెరికాలోని శ్వేతజాతి దురహంకార మూక కు క్లక్స్ క్లాన్‌ది. లాస్ ఏంజెలస్‌లో పెరిగిన యూదు కుర్రాడు గస్టన్, 1930ల్లో ఆ మూకను దగ్గర నుంచి చూసినవాడు. వియత్నాం యుద్ధం సాగుతుండగా, ఆ దుర్మార్గం తనలోనూ ఉంటే ఎలా ఉంటుంది అన్న ప్రశ్న వేసుకుని ఈ బొమ్మలకు దిగాడు. ఇప్పుడు ఆలోచించండి. అదే ముసుగు మనిషిని అచ్చం ఫోటోలో ఉన్నట్టు, బట్ట మడతలతో సహా వేసి ఉంటే వాడెవడో ఇంకొకడు అయ్యేవాడు. చూసేవాళ్లకు అసహ్యం వేసేది, అంతటితో ఊరట కూడా దొరికేది. రెండు నిలువు గీతలే కళ్లుగా ఉన్న కార్టూన్ ముసుగులో ఎవరైనా పట్టేస్తారు. చిత్రకారుడు పడతాడు, చూసేవాడూ పడతాడు. ఆ బొమ్మ మనల్ని వదలకుండా పట్టుకోవడానికి కారణం అది కార్టూన్ కావడమే.

గస్టన్‌కు ఈ గీత ఎక్కడిదంటే చిన్నప్పుడు పేపర్లో వచ్చిన జార్జ్ హెరిమన్ ‘క్రేజీ క్యాట్’ వంటి కామిక్‌ల నుంచి. పిల్లవాడిగా ఉండగా పోస్టు ద్వారా కార్టూన్ పాఠాలు నేర్చుకున్నాడు. తండ్రి ఉరేసుకుని చనిపోతే ఆ దేహాన్ని చూసింది ఈ పిల్లవాడే. ఆ రోజుల్లో ఇంట్లో బట్టల అరలో దూరి, ఒంటి బల్బు కింద కూచుని బొమ్మలు గీసుకునేవాడు. ఆ బల్బే అరవైకి చేరువైన వయసులో కాన్వాసు మీదికి తిరిగొచ్చింది. దీన్ని పిల్లతనం అనే హక్కు ఎవరికుంది?

గస్టన్ సంగతి వేరు, ఆయనకు వెనక ముప్ఫై ఏళ్ల సాధన ఉంది, ఇప్పటివాళ్ల బొమ్మలు చూడండి, అట్ట ముక్కల్లా చదునుగా ఉంటాయి అని జవాబు వస్తుంది. ఈ చదునుదనం గురించే నిలబడి మాట్లాడాలి. విమర్శకులు ఎక్కువ నమ్ముకున్నది దీన్నే, ఎక్కువ పొరబడింది కూడా ఇక్కడే.

తకాషి మురకామి 1962లో టోక్యోలో పుట్టాడు. యానిమే చూస్తూ పెరిగాడు, యానిమేటర్ కావాలనుకున్నాడు. చివరికి చదివింది మాత్రం జపాన్ సంప్రదాయ చిత్రకళ నిహోంగా. అందులో 1993లో డాక్టరేట్ తీసుకున్నాడు. 2000లో టోక్యోలో ‘సూపర్‌ఫ్లాట్’ అనే ప్రదర్శన కూర్చి, దానికో సిద్ధాంత వ్యాసం జతచేశాడు. అందులో ఆయన ఆధారం చేసుకున్నది కళా చరిత్రకారుడు నోబువో త్సుజి 1970లో వెలువరించిన పుస్తకం. జకుచు, షోహకు, సన్‌సెత్సు వంటి పాతకాలపు విచిత్ర చిత్రకారుల్ని మళ్లీ వెలుగులోకి తెచ్చిన పుస్తకం అది. ఆ చిత్రకారులు చూపరి కన్నును బొమ్మ లోపలికి, దూరానికి తీసుకుపోరు. ఉపరితలం మీదే ఆ మూల నుంచి ఈ మూలకు పరుగెత్తిస్తారు. అదే పనిని యోషినోరి కనదా అనే యానిమేటర్ 1979 నాటి ‘గెలాక్సీ ఎక్స్‌ప్రెస్ 999’ పేలుడు దృశ్యాల్లో చేశాడని మురకామి చూపించాడు. టీవీ యానిమేషన్‌కు డబ్బు తక్కువ, గడువు తక్కువ. 1963లో మాంగా చిత్రకారుడు తెజుకా ‘అస్ట్రో బాయ్’తో వారం వారం ధారావాహిక మొదలైననాటి నుంచీ సెకనుకు వేసే బొమ్మల సంఖ్య తగ్గించుకోక తప్పలేదు. ఆ ఇరుకులోనే కనదా వంటివాళ్లు మంటకు, పొగకు, మెరుపుకు వాటివైన ఆకారాలు కనిపెట్టారు. కదలిక తగ్గినకొద్దీ ఆకారం మీద పట్టు పెరిగింది.

న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న మురకామి చిత్రం ‘727’, 1996లో వేసింది. మూడు పలకల మీద సుమారు మూడు మీటర్ల ఎత్తు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. మధ్యలో డాబ్ అనే పాత్ర. మిక్కీ మౌస్ చెవులు, పదునైన పళ్లు, తలంతా కళ్లు. అది ఒక మేఘం మీద స్వారీ చేస్తోంది. వెనక నేల మామూలు రంగు పూత అనుకుంటే పొరపాటు. పొర మీద పొర వేసి, ఆరాక సానబట్టి, కిందిపొరలు అక్కడక్కడా పైకి తేలేట్టు చేశారు. దగ్గరకెళ్తే వాననీళ్లు దిగిన పాత గోడలా ఉంటుంది. ఆ అరిగిన నేల మీద డాబ్ గీత కత్తితో కోసినంత నిక్కచ్చిగా నిలబడుతుంది. ఇక ఆ మేఘం పన్నెండో శతాబ్దపు ‘షిగిసాన్ ఎంగి’ చుట్టచిత్రం లోనిది. అందులో రోగంతో ఉన్న చక్రవర్తిని కాపాడటానికి కత్తులు ధరించిన బాలదేవుడు ఆకాశ మార్గాన దూసుకొస్తాడు. ముందు చక్రం దొర్లుతుంటుంది, వెనక మేఘం పొడుగాటి తోకలా సాగుతుంది. వేగాన్ని ఒక్క గీతతో పట్టిన బొమ్మ అది. జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ స్థాపకుల్లో ఒకరైన ఇసావో తకహాతా 1999లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, ఇలాంటి చుట్టచిత్రాలు పన్నెండో శతాబ్దపు యానిమేషనేనని. ఒక యానిమేషన్ దర్శకుడు, ఒక చిత్రకారుడు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే చుట్టచిత్రం దగ్గర కలుసుకున్నారు. అయినా డాబ్‌ను చూసి, ఇది మిక్కీ మౌస్ నకలు అని పక్కకు తిరిగిపోయేవాళ్లకు ఆ మేఘం కనపడదు.

మనకు ఈ సంగతి ఇంకొంచెం బాగా అర్థం కావాలి. చేర్యాల నకాషీ పటాల్ని తలచుకోండి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద మడేలు పురాణమో మార్కండేయ పురాణమో అడ్డవరసల్లో వేస్తారు. కథకుడు పాడుతూ ఒక్కో వరసా విప్పుతాడు. నీడలుండవు, దూరం ఉండదు. మనిషి ప్రాముఖ్యాన్ని బట్టి బొమ్మ పరిమాణం. లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపం పైకప్పు చూడండి. నల్లటి అంచుగీత, దాని లోపల ఒకే మోతాదులో పరచిన కావి, ఆకుపచ్చ, పసుపు. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద పెద్ద కళ్లు, మొనదేలిన ముక్కులు. పదహారో శతాబ్దపు ఆ పనిని మనం కళాసంపద అంటున్నాం, సరిగ్గానే అంటున్నాం. అదే అంచుగీత, అదే చదును రంగు, అంతే పెద్ద కళ్లు ఈనాటి కుర్రవాడి కాన్వాసు మీద కనపడగానే లోతు లేదంటున్నాం. లోతు అంటే పర్‌స్పెక్టివ్ సూత్రాలతో గీసిన దారి, నీడ పడిన గోడ అనుకుంటే లేపాక్షికి కూడా లోతు లేనట్టే. దాన్ని ఒప్పుకోని వాళ్లు దీన్ని కూడా ఒప్పుకోకూడదు. గీటురాయి ఒక్కటే ఉండాలి.

ఆకారం సరే, అందులో చెప్పడానికేముంది అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. నవ్వే పువ్వులు, మిలమిలలాడే కళ్లు, పిల్లల కథలు. వీటిలో జీవితం ఎక్కడుంది? దీనికి నా జవాబు మురకామి 2001లో వేసిన ‘టైమ్ బోకాన్’ చిత్రాలు. 1975లో జపాన్ టీవీలో అదే పేరుతో పిల్లల ధారావాహిక వచ్చేది. కథ చివర దుష్టుల యంత్రం పేలిపోతే పుర్రె ఆకారంలో పొగ లేచేది. అది హాస్య ధారావాహిక, పిల్లలు నవ్వుకునేవారు. మురకామి ఆ పొగను మాత్రమే తీసుకున్నాడు. ఒకే రంగు పరచిన నేల మీద తెల్లటి పుట్టగొడుగు మేఘం, అది పుర్రె, కళ్ల గుంటల్లో పువ్వులు. ఇంకేమీ లేదు. ఒక గులాబీ రంగు కాన్వాసు కూడా ఉంది ఆ వరసలో. అణుబాంబు పడిన దేశంలో, ఆ సంగతి బళ్లోనూ ఇంట్లోనూ సరిగా మాట్లాడుకోలేని తరం, సాయంత్రం టీవీ ముందు కూచుని ఆ మేఘాన్ని చూసి నవ్వుకుంది. పెద్దలు చెప్పలేకపోయినది కార్టూన్‌లో దాక్కుంది. మురకామి 2005లో న్యూయార్క్ జపాన్ సొసైటీలో పెట్టిన ప్రదర్శనకు ‘లిటిల్ బాయ్’ అని పేరు పెట్టింది అందుకే. అది హిరోషిమా మీద వేసిన బాంబు పేరు. ఆయన తల్లిది కొకురా. 1945 ఆగస్టు 9న రెండో బాంబుకు అసలు గురి ఆ ఊరే. ఆకాశం మసకగా ఉండి ఊరు కనపడకపోవడంతో విమానం నాగసాకికి మళ్లింది. ఆ రోజు మబ్బు లేకపోతే నువ్వు పుట్టేవాడివి కాదని తల్లి ఆయనకు చెప్పేది. ఆ గులాబీ మేఘాన్ని చూసి దీనిలో జీవితం ఎక్కడుందని అడిగేవాళ్లు కాన్వాసు ముందు ఇంకో పది నిమిషాలు నిలబడాలని మాత్రం కోరతాను.

2011 మార్చి భూకంపం, సునామీ తర్వాత ఆయనే ‘ఐదు వందల అర్హతులు’ వేశాడు. మూడు మీటర్ల ఎత్తు, వంద మీటర్ల పొడవు. చిత్రకళా విద్యార్థులు షిఫ్టుల మీద పనిచేసి పూర్తిచేశారు. 2012లో మొదట దోహాలో చూపించారు. బౌద్ధ భిక్షువుల ముఖాలు కొన్ని కార్టూన్‌లా ఉబ్బి, వంకరపోయి, ముడతలు తేలి ఉంటాయి. దుఃఖంలో ఉన్న దేశానికి అంత పెద్ద బొమ్మ వేయడానికి ఆయన దగ్గరున్న భాష అదే, అది సరిపోయింది.

తెర జీవితం కాదు, ప్రకృతిని చూసి వేయాలి, మనుషుల్ని చూసి వేయాలి అన్న మాటలో చాలామందికి అభిమానం ఉంది, అది నాకు అర్థమవుతుంది. ఆరుబయట కూచుని వేయడం గొప్ప సాధన. అయితే చిత్రకారుడు తను నిజంగా చూసినదాన్నే వేయాలి కదా. హైదరాబాద్‌లో తయారైన ‘ఛోటా భీమ్’ 2008 నుంచి టీవీలో వస్తోంది. అప్పుడు నాలుగైదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నారు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ) ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోనే చిత్రలేఖనం, యానిమేషన్ పక్కపక్కన డిగ్రీ కోర్సులుగా ఉన్నాయి. ఆ పిల్లల కళ్లు మొదట నేర్చుకున్న పచ్చదనం భీమ్ ఉండే ధోలక్‌పూర్ అడవిది. వాళ్లు ఎన్నడూ చూడని ఎడ్లబండినీ, బావి గట్టునీ, బిందె మోసే అమ్మాయినీ వేసి మార్కులు తెచ్చుకోవాలని మనం ఎదురుచూస్తున్నాం. అలా వేసిన బొమ్మ మరొకరి జ్ఞాపకానికి నకలు. నకలు అన్న నింద అసలు పడాల్సింది దాని మీద.

పైగా తెరకూ చిత్రకళకూ మధ్య గోడ ఎప్పుడూ లేదు. 1942 నాటి డిస్నీ కార్టూన్ సినిమా ‘బాంబీ’లో పొగమంచు కమ్మిన అడవి చైనా సాంగ్ కాలపు ప్రకృతి చిత్రాల నుంచి వచ్చింది. దాన్ని ఊహించినవాడు టైరస్ వాంగ్, పిల్లవాడిగా చైనా నుంచి అమెరికా వచ్చిన చిత్రకారుడు. ఆకు ఆకూ గీయకుండా, చెట్టు ఉన్నదన్న భావం మిగిల్చే వాష్‌తో మొత్తం చిత్రానికి రూపం ఇచ్చాడు. ‘బాంబీ’ చూసి అడవిని ప్రేమించిన పిల్ల పెద్దయి అడవి వేస్తే ఆమె చేతిలో సాంగ్ చిత్రకళ కూడా ఉంది, ఆమెకు తెలిసినా తెలియకపోయినా.

ఎమిలీ మే స్మిత్ సంగతి ఇంకా ముఖ్యం అనిపిస్తుంది నాకు. టెక్సస్‌లో పుట్టిన ఈ చిత్రకారిణి బొమ్మల్లో నాయిక ఒక చీపురు. 1940 నాటి డిస్నీ ‘ఫాంటాసియా’లోది ఆ చీపురు. మంత్రగాడి శిష్యుడు మిక్కీ, తను మోయాల్సిన నీళ్లు మోయమని చీపురుకు ప్రాణం పోస్తాడు. అది ఆగదు. గొడ్డలితో నరికితే ముక్క ముక్కా చీపురై మళ్లీ నీళ్లు మోస్తుంది. స్మిత్ ఆ చీపురును స్త్రీని చేసింది. పాత యూరోపియన్ చిత్రాల్లో ఆడవాళ్లు పవళించిన భంగిమల్లో, పొలంలో వంగిన భంగిమల్లో దాన్ని వేసింది. నూనెరంగు పని చాలా నున్నగా, ఓపికగా ఉంటుంది. ఆ తరం డిస్నీ చిత్రాలు తయారైన రోజుల్లో ఆడవాళ్లను ఎక్కువగా సిరా, రంగుల విభాగానికే పరిమితం చేశారు. పారదర్శకమైన షీట్ల మీద మగ యానిమేటర్ల గీతల్ని సిరాతో దించి, వెనక వైపు నుంచి రంగులు నింపే వేలాది గంటల పని వాళ్లది. చాలామంది పేర్లు తెరకెక్కలేదు. చెప్పిన పని ఆపకుండా చేసే, పేరులేని ఆ చీపురు ఎవరో ఇప్పుడు చూడండి. చేతిలో పట్టుకుంటే అది కుంచెలా కూడా ఉంటుంది. ఒక కార్టూన్ పాత్రలోంచి ఇంత శ్రమ చరిత్రను పైకి తీసిన చిత్రకారిణిని జనాదరణ మీద బతుకుతోందని కొట్టిపారేయడం అన్యాయం.

నైపుణ్యం మాటకొస్తే, ఇద్దరిని చూద్దాం. జాయిస్ పెన్సాటో బ్రూక్లిన్‌లో 1941లో పుట్టి 2019లో పోయింది. బ్యాట్‌మ్యాన్, మిక్కీ, డోనాల్డ్ డక్, హోమర్ సింప్సన్ ఆమె నమూనాలు. ఎనామెల్ పెయింటు, నలుపు, తెలుపు, కొంచెం వెండి రంగు. మిక్కీ ముఖం మీద ఆ ఎనామెల్‌ను విసిరి, కారనిచ్చి, మళ్లీ తెలుపుతో చెరిపి, ఆ చెరిపిన చోట మళ్లీ నల్లగా కొట్టేది. చివరికి మిగిలేది రెండు పెద్ద కళ్లు, ఒక నవ్వు. ఆ నవ్వు పిల్లలకు చూపించే నవ్వులా ఉండదు. ప్రపంచమంతటికీ కంటికి అలవాటైన ముఖాన్ని అంత బలంగా తవ్వడానికి నైరూప్య చిత్రకారుల చేతివేగమంతా ఆమెకు కావలసి వచ్చింది.

ఇందుకు పూర్తిగా ఎదురు వైపున ఏవరీ సింగర్ ఉంది. 1987లో న్యూయార్క్‌లో పుట్టింది. తొలి చిత్రాల్లో, భవనాల నమూనాలకు వాడే స్కెచప్ సాఫ్ట్‌వేర్‌లో మనుషుల్ని, గదుల్ని కట్టి, ఆ రూపాన్ని ప్రొజెక్టర్‌తో కాన్వాసు మీద వేసి, మాస్కింగ్ టేపు అంటించి, ఎయిర్ బ్రష్‌తో నలుపు తెలుపుల మధ్య ఛాయల్ని ఒక్కొక్కటిగా పూసేది. మనుషులు పెట్టెలు పేర్చినట్టు ఉంటారు, జుట్టు మెలికల గొట్టంలా ఉంటుంది. చూడగానే యంత్రం చేసిన పని అనిపిస్తుంది. దగ్గరకెళ్తే టేపు తీసిన అంచుల్లో ఎక్కడ రంగు కొద్దిగా లోపలికి జారిందో, ఎక్కడ పూత పలచబడిందో కనపడుతుంది. ప్రొజెక్టర్ వాడింది కాబట్టి సాధన లేదనేవాళ్లు, ఒక బూడిద ఛాయ పక్కన మరో బూడిద ఛాయను అంచు కలిసిపోకుండా నిలబెట్టి చూడమనండి.

2025 మార్చి చివర్లో చాట్‌జీపీటీలో ఫోటో పెడితే జిబ్లీ బొమ్మగా మార్చి ఇచ్చే వెర్రి వచ్చింది. తెలుగు ఇళ్ల పెళ్లి ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు, నాయకుల ఫోటోలు రాత్రికి రాత్రి ఆ రంగుల్లో మునిగాయి. అది చూపించి, మీ కార్టూన్ చిత్రకళ ఇంతే కదా, మీట నొక్కితే వస్తుంది అన్నారు కొందరు. నాకు అది చూస్తే సరిగ్గా వ్యతిరేకం తోచింది. ఆ యంత్రం ఇచ్చిన బొమ్మల్లో ఎవరి ముఖమైనా అదే మెత్తదనం. బూతు మాట అన్నవాడూ, బిడ్డను పోగొట్టుకున్నదీ ఒకేలా బుగ్గలు పొంగించి చూస్తారు. దేన్ని వదలాలో, దేన్ని పెద్దది చేయాలో దానికి పట్టింపు లేదు. పెన్సాటో చెరిపింది, స్మిత్ చీపురును ఎంచుకుంది, మురకామి ధారావాహికంతా వదిలి పొగను పట్టుకున్నాడు. ఎంపికే చిత్రకారుడి పని. శైలి ఎవరి నుంచి వచ్చినా, ఆ ఎంపికకు బాధ్యత పడిన చెయ్యి ఉందా లేదా అన్నది కనపడుతుంది.

డబ్బు సంగతి తొందరగా తేల్చేస్తాను. 2019 ఏప్రిల్‌లో హాంకాంగ్ సోత్‌బీస్ వేలంలో అమెరికన్ చిత్రకారుడు కాస్ వేసిన ‘ద కాస్ ఆల్బమ్’ దాదాపు ఒక కోటీ 48 లక్షల డాలర్లకు పోయింది. సింప్సన్స్ పాత్రలతో బీటిల్స్ రికార్డు అట్టకు పేరడీగా వచ్చిన బొమ్మను తీసుకుని, కళ్ల స్థానంలో ఎక్స్ గుర్తులు పెట్టిన చిత్రం అది. నాకు ఆ చిత్రం బలహీనంగా అనిపిస్తుంది. పాత్రల కళ్లు తీసేసి బదులుగా ఏమీ ఇవ్వలేదు. దాన్ని సమర్థించే పని నాకు లేదు, ఈ వాదనకు ఆ అవసరమూ లేదు. ఆ తర్వాతి నెలలోనే న్యూయార్క్‌లో మొనే గడ్డివామి చిత్రం 11 కోట్ల 7 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అంత ధర పలికింది కాబట్టి గడ్డివాములు వేయడం బూటకమని ఎవరూ అనలేదు. ధర కొన్నవాళ్ల గురించి చెబుతుంది. బొమ్మ గురించి మనమే చెప్పాలి, చూసి చెప్పాలి.

మన దగ్గర ఈ చిన్నచూపు చేసిన నష్టం ఇంకొకటుంది. బాపు గారి గీతను తెలుగువాళ్లు ఇంట్లో మనిషిలా చూసుకున్నారు, అమ్మాయి అందంగా ఉంటే బాపు బొమ్మ అన్నారు. చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుణ్ణీ భుజం మీది బేతాళుణ్ణీ తరాల పిల్లలు కంటితో నేర్చుకున్నారు. అయినా చిత్రకళ చరిత్ర చెప్పేటప్పుడు వాళ్లను కార్టూనిస్టులు, పత్రికల చిత్రకారులు అని పక్క గదిలో కూచోబెట్టాం. కుంచె ఒక్క విసురులో చీర కుచ్చిళ్లూ నడుమొంపూ తెచ్చిన గీతను గ్యాలరీ గోడ మీది నూనెరంగు కన్నా తక్కువని ఎవరు కొలిచారు? ఆ కొలతతోనే ఇప్పుడు యానిమే చూసి పెరిగిన పిల్లల్ని కొలుస్తున్నాం.

ఆఖరిగా ఒక అభ్యంతరం ఉంది, ఉన్నవాటిలో కాస్త బరువైంది ఇదే. మీములు పదిరోజులు బతకవు, గేములు మారిపోతాయి, రేపు వీటి అర్థం ఎవరికీ తెలియదు, అలాంటివాటి మీద వేసిన చిత్రం నిలవదు అంటారు. 1559లో పీటర్ బ్రూగెల్ వేసిన ‘నెదర్లాండ్స్ సామెతలు’ బెర్లిన్‌లో ఉంది. ఒక ఊరి నిండా మనుషులు వింత పనులు చేస్తుంటారు. ఒకడు గోడకేసి తల బాదుకుంటున్నాడు, ఒకడు దూడ పడి చచ్చాక గొయ్యి పూడుస్తున్నాడు, ఒకడు పందుల ముందు పువ్వులు చల్లుతున్నాడు. ఆ రోజు జనం నోళ్లలో నానుతున్న వందకు పైగా మాటల్ని, వాటికి మాటకు మాటగా బొమ్మ కట్టి, ఒకే చెక్కపలకంత చోటులో కిక్కిరిసేలా పెట్టాడు. వాటిలో ఎన్నో ఇప్పుడు వాడుకలో లేవు. నిపుణులు చెబితే తప్ప తెలియవు. చిత్రం చావలేదు. తల బాదుకునేవాడి మొండితనం తెలియడానికి సామెత తెలియనక్కర్లేదు. క్రేజీ క్యాట్ 1944లో హెరిమన్ పోవడంతో ఆగిపోయింది, ఇవాళ గస్టన్ ముందు నిలబడేవాళ్లలో ఆ పిల్లి పేరు విన్నవాళ్లు కొద్దిమందే.

మీమ్ చేసే పని నోటిమాట చేసే పనే. ఒక సందర్భానికి అందరూ ఒప్పుకున్న ముఖాన్ని అతికించడం. తెలుగువాళ్లం ఈ పనికి బ్రహ్మానందం గారి ముఖాన్ని ఎంచుకున్నాం. జీతం పడని నెలాఖరుకు ఒక చూపు, పరీక్ష తప్పితే ఒక చూపు, అల్లుడి గొప్పలు వింటున్నప్పుడు ఒక చూపు. అమెరికాలో ఉన్నవాడూ అమలాపురంలో ఉన్నవాడూ ఒకే ముఖాన్ని పంపుకుని, రాయడానికి మాట దొరకని సంగతి చెప్పుకుంటున్నారు. ఆ ముఖాల్ని ఎవరైనా ఆరడుగుల కాన్వాసు మీద, నెలల తరబడి, కంటి కింద ముడతతో సహా వేస్తే, అది ఏ సినిమాలోదో యాభై ఏళ్ల తర్వాతి చూపరికి తెలియకపోవచ్చు. తెలుగువాళ్లు తమ అవమానాన్నీ ఉక్రోషాన్నీ ఒకరికొకరు ఏ ముఖం పెట్టుకుని చెప్పుకున్నారో మాత్రం తెలుస్తుంది.